నడిచి తింటేనే బెజవాడ

పోయిన జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, నా చిన్ననాటి స్నేహితురాలు ఒక పెళ్ళికని వచ్చి మా ఇంట్లో ఒకరోజు ఆగింది. తను పెళ్ళి చేసుకుని పుణె వెళ్ళిపోయి ఇరవై రెండేళ్ళు. వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో దిగడం, ఆటో ఎక్కి అమ్మగారింటికి పోవడం, మళ్ళీ ఆటో, మళ్ళీ స్టేషన్. అమ్మగారు పోయాక ఆ రాకపోకలూ తగ్గిపోయాయి. ఈసారి రాత్రి పదకొండు దాటాక రైలు. పగలంతా ఖాళీ. ఏం చేద్దామే అని అడిగితే, "బెజవాడలో చూడ్డానికి ఏముందే? కొండమీద గుడి, కింద బ్యారేజీ. రెండూ చూసినవేగా" అంది.

నాకు చురుక్కుమంది. పుట్టి పెరిగిన ఊరిని రైలు మారే స్టేషన్ లాగా మాట్లాడితే ఎవరికైనా చురుక్కుమంటుంది. "చూడ్డానికి వద్దులే, తినడానికి పోదాం పద. కానీ ఆటో ఎక్కకూడదు, నా స్కూటీ తియ్యకూడదు. పొద్దున్నుంచి రాత్రిదాకా కాళ్ళ మీదే" అన్నాను. తను నా మొహంలోకి చూసి, చెప్పులు తీసేసి బూట్లు వేసుకుంది.

నేను చాలా రోజులుగా నమ్ముతున్న మాట ఒకటుంది. బెజవాడ నడిచేవాళ్ళ ఊరు. ఈ ఊరి తిండి నడిచేవాళ్ళ తిండి. నడిచే చోటు పోతే ఆ తిండీ పోతుంది, దాని వెనకే ఊరూ పోతుంది. ఆ రోజు తనకు ఇదంతా వివరించాలని బయల్దేరలేదు. దారి పొడుగునా మాటామాటా అనుకుంటూ పోగా, సాయంత్రానికి నాకే ఇంకాస్త స్పష్టమైంది.

మా ఇల్లు సత్యనారాయణపురంలో. అయిదున్నరకు బయటపడ్డాం. జనవరి చివర్లో ఆ వేళ ఇక్కడ పల్చగా మంచు ఉంటుంది. పాలవాళ్ళు, పేపర్ వాళ్ళు, ముగ్గులు వేసేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. గాంధీనగర్ చేరేసరికి ఆరు దాటింది. బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారని తెలుగువాళ్ళందరికీ తెలుసు, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ అక్కడికి కార్లో వచ్చి తినడం వేరు, అరగంట చలిలో నడిచొచ్చి తినడం వేరు. వేలి కింద ఇడ్లీ వేడి, దాని మీద కరిగీ కరగకుండా ఉన్న వెన్న, కారప్పొడి ఘాటు ముక్కుకి తగలడం... ఆకలి కాళ్ళలోంచి పొట్టలోకి ఎక్కిందేమో అనిపించింది. తను రెండో ప్లేటు చెప్పింది. నేను ఆపాను. "రోజంతా తినాలి, ఇప్పుడే నింపేయకు."

నడుస్తూ తినేవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఇదే. ఒక ప్లేటు ఇద్దరం పంచుకోవాలి. పంచుకోవడంలో రుచి పెరుగుతుందని అనను. ఎక్కువ చోట్ల ఆగగలుగుతాం, అంతే. పెసరట్టూ అలాగే తిన్నాం, ఒక్కటే. పెసలు నానబెట్టి రుబ్బిన పిండిని పులియబెట్టకుండా పెనం మీద పోస్తారు కాబట్టి దాని పచ్చి కమ్మదనం పొద్దున్నే బాగుంటుంది. మధ్యలో ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. తను పెసరట్టు అంచు కరకరలాడే ముక్క తీసుకుని మధ్య మెత్తని భాగం నాకు వదిలేసింది. తొమ్మిదో క్లాసులో కూడా ఇంతే చేసేది.

గాంధీనగర్ నుంచి రైలు కట్ట కింద వంతెన దాటి వన్‌టౌన్ వైపు పోయాం. ఈ ఊరు ఎలా పుట్టిందో అర్థం కావాలంటే ఈ దారినే నడవాలి. కృష్ణమీద మొదటి ఆనకట్ట 1852లో మొదలై 1855కి పూర్తయింది. దాని నుంచి వచ్చిన కాలువలే బెజవాడను నగరం చేశాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. మూడూ ఊళ్ళోంచే పోతాయి. ఒకప్పుడు పడవలు ఈ కాలువల్లోనే ఏలూరుకీ బందరుకీ ధాన్యమూ మనుషులనూ మోసుకుపోయేవి. తరువాత కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది, నాలుగు దిక్కుల నుంచీ రైళ్ళు వచ్చి ఇక్కడ కలిశాయి. పడవ దిగినవాడు, రైలు దిగినవాడు, మార్కెట్టుకు బస్తా మోసేవాడు, అందరూ కాలినడక మనుషులే. వాళ్ళకి నిలబడ్డ చోట నిమిషాల్లో చేతికొచ్చే వేడి తిండి కావాలి. బెజవాడ రోడ్ల మీద ఇన్ని టిఫిన్ బళ్ళు ఎందుకున్నాయని ఎవరైనా అడిగితే నేను ఈ సమాధానమే చెబుతాను.

వన్‌టౌన్‌లో ముందు గాంధీ కొండ కింద ఆగాం. పైన 52 అడుగుల గాంధీ స్తూపం. 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. ఎక్కుదామా అంటే తను వద్దంది, బతిమాలలేదు. కాళేశ్వరరావు మార్కెట్ లేచి ఉండే వేళ అది. మార్కెట్‌కి ఆ పేరు అయ్యదేవర కాళేశ్వరరావు గారిది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనసభకు మొదటి స్పీకర్ ఆయన. ఇప్పుడు ఆ పేరు వినగానే బెజవాడ వాళ్ళకి గుర్తొచ్చేది కూరగాయలు. నాకైతే ఇది పెద్ద గౌరవమే అనిపిస్తుంది. రోజూ వందలమంది నోటి మీద ఆయన పేరు ఉంటోంది.

మార్కెట్ బయట ఒక మామ్మ గోనెపట్టా పరిచి తేగలు పెట్టుకుని కూర్చుంది. తాటి టెంకలు మట్టిలో పాతిపెడితే దిగే మొలకలవి. చలికాలంలోనే వస్తాయి, శివరాత్రి నాటికి ముదిరిపోతాయి. తను వాటిని చూడగానే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఒక్క తేగ తినలేదట. ఒక కట్ట కొన్నాం. మామ్మే ఒకటి తీసి పై పొర ఊడదీసి, మొదలు దగ్గర గోటితో గాటుపెట్టి రెండుగా చీల్చింది. చీల్చగానే మధ్యలోంచి సన్నగా, తెల్లగా, కాస్త పసుపు తిరిగిన మొలక బయటపడింది. చందమామ. చిన్నప్పుడు తేగ తిన్నదాని కన్నా ఈ చందమామ ఎవరికి అని కొట్టుకున్నదే ఎక్కువ. మామ్మ దాన్ని వేలితో లాగి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పెద్దదెవరు?" అంది. "నేనే మామ్మా, మూణ్ణెల్లు పెద్ద" అంది ఇది. మామ్మ చందమామను నా చేతిలో పెట్టింది. "చిన్నపిల్లకి ఇవ్వాలమ్మా." నలభై ఏడేళ్ళ నన్ను చిన్నపిల్ల అన్న మనిషి ఈ మధ్య ఇంకెవరూ లేరు. అక్కడే నిలబడి, పీచు పళ్ళలో ఇరుక్కుంటుంటే, తేగ మొత్తం తిన్నాం.

ఆ నిలబడి తినడం దగ్గర కాస్త ఆగాలి. మా కాలేజీ రోజుల్లో ఆడపిల్లలు బండి దగ్గర నిలబడి తినేవాళ్ళు కాదు. బండి చుట్టూ మగవాళ్ళే. మేం డబ్బులు పోగేసుకుని తమ్ముడి చేత పొట్లం కట్టించుకుని తెప్పించుకునేవాళ్ళం. ఇంటికొచ్చేసరికి పునుగులు చెమ్మగిల్లి, చట్నీ కాగితంలోకి ఇంకిపోయి ఉండేది. అదే పునుగుల రుచి అనుకున్నాం. వేడిగా, నూనెలోంచి తీసిన నిమిషంలోపల తినడమెలా ఉంటుందో నాకు ముప్పై దాటాకే తెలిసింది. సిగ్గు కాదు, కోపం వస్తుంది నాకు ఇది తలుచుకుంటే. ఊరి తిండిలో సగం రుచి సగం జనానికి పొట్లాల్లో చల్లారిపోయి చేరింది. ఇవాళ బండి దగ్గర అమ్మాయిలు గుంపుగా నిలబడి నవ్వుకుంటూ తింటుంటే, వాళ్ళని చూడటానికే నేను అక్కడ ఆగిపోతుంటాను.

కానీ రోజంతా నడవాలంటే ఆడవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎవరూ పైకి మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. పొద్దున్నుంచి తను సీసాలో నీళ్ళు ముట్టలేదు. నేనూ తాగలేదు. ఒకరికొకరం చెప్పుకోలేదు, ఇద్దరికీ తెలుసు. బజారులో ఆడవాళ్ళు వెళ్ళదగిన బాత్‌రూమ్ ఎక్కడుందో తెలియనప్పుడు మనం చేసే పని అదే. నీళ్ళు మానేయడం. అదే మగవాడైతే అంత ఆలోచించడు. పన్నెండున్నరకు గవర్నరుపేటలో ఒక మెస్సుకు చేరేసరికి తల పగిలిపోతోంది తనకి. అక్కడ చేతులు కడుక్కునే చోట పక్కనే శుభ్రమైన బాత్‌రూమ్ కనబడగానే ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ తరువాతే అన్నం. పప్పు, గోంగూర, ఉలవచారు, దాని మీద మీగడ. అన్నీ బాగున్నాయి. కానీ ఆ భోజనం తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ తలుపుకి లోపల గడియ ఉండటం. నడిచే ఊరు కావాలంటే ఫుట్‌పాత్ కన్నా ముందు ఇది కావాలి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊళ్ళో నీళ్ళు తాగకుండా నడవమనడం ప్రాణం మీదికి తెచ్చే పని.

మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్ల ముందు తిరిగాం. రోడ్ల పేర్ల గురించి తనకి చెబితే నవ్వింది. బందరు రోడ్డు అసలు పేరు మహాత్మాగాంధీ రోడ్డు. ఏలూరు రోడ్డు అసలు పేరు కారల్ మార్క్స్ రోడ్డు. బజార్లకి పెట్టింది పేరైన రోడ్డుకి అనీ బీసెంట్ పేరు. సెంటర్లో లెనిన్ విగ్రహం. "ఇంతమందిని గోల చేయకుండా ఒక్క ఊళ్ళో పెట్టుకున్నారు కదే" అంది. అవును, వీళ్ళంతా నడక దూరంలోనే ఉన్నారు. బందరు రోడ్డు మీద స్వరాజ్ మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ఆ మైదానంలోనే ఏళ్ళ తరబడి జనవరిలో పుస్తకాల పండుగ జరిగేది. మేం డిగ్రీలో ఉన్నప్పుడు అక్కడ పుస్తకం కొనడానికి డబ్బుల్లేక నిలబడే చదివి, బయట ముంత మసాలా తిని ఇంటికి వచ్చేవాళ్ళం. ముంత మసాలాకి మాత్రం డబ్బులు ఉండేవి.

బీసెంట్ రోడ్డులో మా ఇద్దరికీ వాదన మొదలైంది. ఆ రోడ్డు చాలావరకు మనుషులదే. స్కూటీ మీద పోదామనుకున్నా ముందుకు కదలదు. అలాంటి చోట కూడా మేమిద్దరం పక్కపక్కన నాలుగడుగులు వేయలేకపోయాం. తను ముందు, నేను వెనక. నేనేదో చెబితే తనకి వినపడదు, వెనక్కి తిరిగితే ఎవరో తగులుతారు. చివరికి విసుగొచ్చి, "ఈ తోపుడు బళ్ళు తీసేస్తే హాయిగా నడవొచ్చు కదే. నువ్వేమో బళ్ళు బాగుండాలంటావు, నడవడానికి చోటూ కావాలంటావు. రెండూ ఎలా కుదురుతాయి?" అంది.

న్యాయమైన ప్రశ్నే. చాలామంది అడిగేదీ ఇదే. ఫుట్‌పాత్ ఆక్రమించింది బండివాడే అనుకోవడం తేలిక. ఎందుకంటే అతను కళ్ళకు కనబడతాడు, అరుస్తాడు, అతన్ని లేపేయడం సులువు. నేను తన చెయ్యి పట్టుకుని పక్క రోడ్డులోకి తీసుకుపోయాను. "లెక్కపెడదాం రా" అన్నాను. ఒక మూల నుంచి ఇంకో మూలదాకా, మా అడుగుల్లో నూట అరవై. ఫుట్‌పాత్ మీద ఆపిన బైకులు పంతొమ్మిది. కార్లు రెండు. ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ కంచె. ఫుట్‌పాత్ మీదికి దిగిన షాపుల మెట్లు మూడు చోట్ల. బోర్డులు నాలుగు. ఒక జనరేటర్. తిండి బళ్ళు రెండు. ఒకటి సుగంధి సోడా బండి, ఇంకోటి మరమరాల బండి. ఆ రెండూ కూడా ఫుట్‌పాత్ మీద లేవు, బైకులు ఆపగా మిగిలిన రోడ్డు అంచున ఉన్నాయి. తను మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. పంతొమ్మిది కాదు, ఇరవై అంది.

రోడ్లు ఎలా ఉండాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఆ కొలత నాకు చాలా ఇష్టం. ఎందుకంటే అది ఇద్దరు స్నేహితులు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడిచే వెడల్పు. ఒక్క మనిషి ఒదిగి పోతే చాలు అనుకుంటే ఇంకాస్త తక్కువ పెట్టేవాళ్ళు. రూలు రాసినవాళ్ళు మాట్లాడుకుంటూ నడిచే మనుషులను మనసులో పెట్టుకునే రాశారని నేను అనుకుంటాను. మా ఊళ్ళో మాత్రం స్నేహాలన్నీ ముందూ వెనకా నడుస్తున్నాయి.

బళ్ళ మాటకొస్తే, వాళ్ళకి చట్టం ఉంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వాళ్ళ జీవనోపాధిని కాపాడమంటుంది. ముందు సర్వే జరగాలి, ధ్రువపత్రాలు ఇవ్వాలి, అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు. ఎక్కడ అమ్మాలో తేల్చే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఇది నేను చెబితే మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి ఆశ్చర్యం. బండివాడంటే దయతలచి ఉండనిచ్చినవాడు అనే వాళ్ళ లెక్క. అతనికి అక్కడ హక్కుంది.

బళ్ళవాళ్ళలో తప్పుల్లేవని నేను అనడం లేదు. ప్లేట్లు కడిగిన నీళ్ళు రోడ్డు మీదే పారబోస్తారు. గ్యాస్ సిలిండర్ జనం కాళ్ళ దగ్గర పెడతారు. రాత్రి వెళ్ళేటప్పుడు కాగితాలు, ఉల్లిపొట్టు అక్కడే. నాకు ఇష్టమైన బండి దగ్గరే ఇది చూసి గొడవపడ్డాను ఒకసారి. కానీ నాలుగు బళ్ళకు ఒక కుళాయి, ఒక చెత్త డబ్బా, రోడ్డు మీద గీసిన గీత, ఈ మూడూ ఇచ్చి చూశాక అప్పుడు తప్పు పట్టాలి. ఇవేవీ ఇవ్వకుండా శుభ్రత లేదని తీసేస్తే, ఆ ఖాళీలో మనకు ఫుట్‌పాత్ రాదు. ఇంకో ఆరు బైకులు వస్తాయి. నేను చూస్తూ ఉండగానే ఇలా రెండు మూడు చోట్ల అయింది. బండి ఉన్న చోట మనిషి ఆగుతాడు, మనిషి ఆగిన చోట వెలుగు ఉంటుంది, రాత్రి తొమ్మిదికి ఆడపిల్ల ఒంటరిగా నడిచి రాగలుగుతుంది. బైకులు ఆపిన చోట ఎవరూ ఆగరు. నడిచేవాళ్ళదీ బండివాళ్ళదీ ఒకే పక్షం. ఇద్దరికీ కావాల్సింది ఒక్కటే, రోడ్డు పక్కన బతకనిచ్చే కాస్త చోటు.

కాలువ గట్ల సంగతి కూడా తనతో మాట్లాడాను. నీళ్ళ పక్కన చెట్ల నీడలో మూడు కాలువల వెంట నడకదారులు ఉంటే ఈ ఎండల ఊరు ఎలా ఉంటుందో! కానీ ఆ గట్ల మీద చాలా చోట్ల పేదల ఇళ్ళున్నాయి. వాళ్ళని ఖాళీ చేయించి మనం వాకింగ్ చేయడం నాకు ఇష్టం లేదు. ఇళ్ళు లేని ముక్కలే చాలా ఉన్నాయి. ముందు అవి చేస్తే చాలు. ఎండాకాలం కాలువలు కట్టేశాక వచ్చే వాసన గురించి తను అడిగింది. ఆ వాసన నీళ్ళు తగ్గినప్పుడు పైకి తేలుతుంది, కలిపేది మనమే.

సాయంత్రం బస్టాండు పక్క నుంచి బ్యారేజీ ఎక్కాం. పాత ఆనకట్ట 1952లో కొట్టుకుపోతే దాని దగ్గరే 1957కి కట్టింది ఇది. 70 గేట్లు, 1223 మీటర్ల పైన పొడవు. ఇటు ఇంద్రకీలాద్రి, అటు గుంటూరు వైపు సీతానగరం. ఇక్కడ గాలి ఊళ్ళో ఇంకెక్కడా ఉండదు. మొక్కజొన్న కంకి కొన్నాం. బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్కకు ఉప్పూకారం అద్ది రుద్దిచ్చాడు. కంకి మధ్యకి విరిచి చెరో ముక్కా తింటూ గేట్ల వైపు చూస్తూ నిలబడ్డాం.

"2024లో ఇక్కడిదాకా వచ్చాయా నీళ్ళు?" అంది. ఆ సెప్టెంబరు 2న ఈ గేట్ల కింద నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర తగిలాయి. అంతకు ముందు రోజే బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ అంతా నీళ్ళు. ఆ రోజుల్లో మా వీధిలో ఆడవాళ్ళమంతా కలిసి పులిహోర కలిపి పొట్లాలు కట్టాం. మగపిల్లలు ఫ్లైఓవర్ దాకా మోసుకుపోయి అక్కడి నుంచి నడుం లోతు నీళ్ళలో నడిచి ఇళ్ళకు అందించారు. పైన డ్రోన్లు కూడా పొట్లాలు దించాయి. కానీ మా పొట్లాలు కాళ్ళ మీదే పోయాయి. అది చెబుతుంటే నా గొంతు పట్టేసింది. తను కంకి పక్కన పెట్టి నా వీపు మీద చెయ్యేసింది. చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఎనిమిది దాటాక తిరుగు నడక. నా కాళ్ళు బరువెక్కాయి, తన ఫోన్ పదిహేను కిలోమీటర్లు అంది. దారిలో ఒక రోడ్డు మొదట్లో నేను ఆగిపోయాను. నాలుగేళ్ళ కింద నేను పడింది ఆ రోడ్డులోనే. వాన వెలిసిన సాయంత్రం, డ్రైనేజీ మీద పలక లేదు, పైన నీళ్ళు నిలిచి తెలియలేదు. కాలు మోకాలి దాకా దిగబడింది. చీలమండ బెణికి నెలన్నర పట్టీ. అప్పటి నుంచి ఆ రోడ్డులో నడవడం మానేశాను. తనకి చెబితే, "పద, ఇవాళ దాటేద్దాం" అని చెయ్యి పట్టుకుంది.

పలక ఇప్పటికీ లేదు. కానీ ఆ గుంత మీద ఒక మందపాటి చెక్క, చెక్క మీద పాత నూనె డబ్బా, డబ్బాకి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఆ పక్కనే పునుగుల బండి. బండికి వేలాడే బల్బు వెలుగు సరిగ్గా ఆ డబ్బా మీద పడుతోంది.

"ఈ చెక్క మీరు పెట్టిందేనా?" అని అడిగాను బండాయన్ని.

"అవునమ్మా. ఇందులో పడ్డారు కొంతమంది. నేను ముందు ఆ చెట్టు కింద పెట్టేవాణ్ణి బండి. ఇక్కడైతే లైటు పడుద్దని ఇటు జరిపా."

అంతకన్నా ఏమీ అనలేదు. మాట్లాడుతూనే చేతులు పనిలో ఉన్నాయి. నీళ్ళలో వేళ్ళు తడిపి పిండి గుప్పెట్లోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఉసిరికాయంత ముద్దను నొక్కి నూనెలోకి జారవిడుస్తున్నాడు. చుక్క కూడా ఎగిరి పడలేదు. ముద్ద మునిగి, ఒక్క క్షణం కనబడకుండా పోయి, బుడగల్లోంచి పైకి వస్తుంది. కింది వైపు రంగు వచ్చాక అదే మెల్లగా బోర్లిపడుతుంది, గరిటె తగలకుండానే. పులిసిన ఇడ్లీ పిండిలో పచ్చిమిర్చి, జీలకర్ర వేగే వాసన. ఇరవై ముప్పై పునుగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నూనెలో తిరుగుతుంటే మేమిద్దరం చిన్నపిల్లల్లా వంగి చూశాం. ఆయన కాగితం ప్లేటులో పోసి పల్లీ చట్నీ, పక్కన అల్లం చట్నీ వేసి ఇచ్చాడు. తను ఆగలేక ఒకటి నోట్లో వేసుకుని, కాలి, నోరు తెరిచి ఉఫ్ ఉఫ్ అంటూ కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది.

"చల్లారనియ్యవే" అన్నాను.

"చల్లారినవి తినీ తినీ విసుగొచ్చింది" అంది.

బండి వెనక జాగా ఉంది. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. తన రైలుకి ఇంకా రెండు గంటలు. ప్లేటు ఖాళీ అయింది. ఆయన మా వైపు చూసి గిన్నెలో పిండి కలియబెడుతూ అడిగాడు.

"ఇంకో వాయి వెయ్యమంటారామ్మా?"

"వెయ్యండి" అన్నాం ఇద్దరం ఒకేసారి.